పాటకు ముందు ఊపిరి

తొమ్మిదో వారం

పాట ఆగిపోయి చాలాసేపయినా త్రిపుర చెవుల మీద హెడ్‌ఫోన్స్ అలాగే ఉన్నాయి.

ఇక్కడిదాకా ఎలా వచ్చిందో ఆమెకు వరసగా గుర్తుంది. పెడనలో మగ్గం అమ్మేశాక అక్కాచెల్లెళ్లిద్దరూ విజయవాడ వచ్చారు. అక్క శ్రీదుర్గ పటమటలోని ఈ స్టూడియోలో ట్రాక్ పాడేది. ట్రాక్ అంటే, అసలు గాయని వచ్చి విని నేర్చుకోవడానికి ముందుగా ఇంకొకరు పాడిపెట్టే పాట. గాయని పాడేశాక దాన్ని చెరిపేస్తారు. అలా పాడుతుండగానే శ్రీదుర్గ మెడలో గడ్డ లేచింది. థైరాయిడ్ ఆపరేషన్ అయింది. గడ్డతో పాటు గొంతూ పోయింది. ఇప్పుడు ఆమె ఏం మాట్లాడినా గుసగుసే. అక్క మానేసిన స్టూడియోలోనే యజమాని జ్ఞానేశ్వర్ త్రిపురకు మిక్సింగ్ నేర్పి కూర్చోబెట్టాడు. శివపార్వతి అనే కొత్త గాయని ఆల్బమ్‌ను ఆమె చేతికిచ్చాడు. అందులో చివరి పాట ఈ ఉదయం వింటుంటే, రెండో చరణంలో గొంతు పైకి వెళ్లే చోట, లైను మొదలవడానికి ముందు, అక్క ఊపిరి వినపడింది.

గొంతునైతే గుర్తుపట్టేది కాదేమో. దాని మీద శ్రుతి సరిచేసే ట్యూనింగ్ వేశారు, వెనక ఇంకో గొంతును పొరలా పరిచారు, నిండుగా ఉండేందుకు ప్రతిధ్వని కలిపారు. ఊపిరినెవరూ ముట్టుకోలేదు. శ్రీదుర్గ ఊపిరిని రెండు ముక్కలుగా తీసుకుంటుంది. చిన్నప్పటి నుంచి మగ్గం మీద కూర్చుని పాడిన అలవాటు అది. దారం మోసే నాడె అటు వెళ్లేటప్పుడు సగం, ఇటు వచ్చేటప్పుడు మిగతా సగం. ఆ మగ్గం పక్కనే కూర్చుని కండెలకు నూలు చుడుతూ పెరిగిన త్రిపురకు దాన్ని రెండోసారి వినాల్సిన పని లేదు.

ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. కీబోర్డు అంచున ఎండిపోయిన టీ మరక కనిపిస్తే గోరుతో గీకింది.

ఆ గదిలో స్పీకర్లు ఉన్నాయి గానీ వాటి మీద ఎప్పుడూ పాత దుప్పటి కప్పి ఉంటుంది. గోడ అవతల ఇంటర్ పిల్లల హాస్టల్. ఒకసారి వార్డెన్ మెట్లెక్కి వచ్చి, "మా పిల్లలకి పరీక్షలండీ, మీ డప్పులు ఆపకపోతే ఓనరుతో మాట్లాడాల్సొస్తది" అని వెళ్లాడు. అప్పటి నుంచి మిక్సింగ్ మొత్తం హెడ్‌ఫోన్స్‌లోనే. "హెడ్‌ఫోన్స్ అబద్ధాలు చెప్తాయి త్రిపురా" అని జ్ఞానేశ్వర్ మొదటి రోజే హెచ్చరించాడు. "బేస్ ఉన్నది ఉన్నట్టు చూపించవు. కుడి, ఎడమ మరీ దూరంగా జరుపుతాయి. సౌండ్ తక్కువ పెట్టుకుని విను. మధ్యమధ్య తీసి పక్కన పెట్టి చెవులకి రెస్ట్ ఇవ్వు. అయ్యాక ఫోన్లో విను, ఆటోలో విను. అప్పుడు నమ్ము."

ఆయన చెప్పనిది ఆమె తనంతట తాను నేర్చుకుంది. చిన్న చప్పుళ్ల విషయంలో అవి అబద్ధం చెప్పవు. పెదవి విడిన చప్పుడు, గుటక, చేతిలో కాగితం కదలడం. స్పీకర్లోంచి వస్తే గది గాలిలో కలిసిపోయేవన్నీ ఇక్కడ చెవిలో నోరు పెట్టి చెప్పినట్టుంటాయి.

ఇన్ని పాటల్లో ఇప్పటిదాకా ఎందుకు వినపడలేదో కూడా ఆమెకు అర్థమయింది. గొంతు ట్రాకులను జ్ఞానేశ్వర్ తనే శుభ్రం చేసి, ఊపిరులన్నీ కత్తిరించి, ఒకే ఫైలుగా ఇచ్చేవాడు. ఈ పాటకు మాత్రం శివపార్వతి ఫోన్ చేసి అడిగింది. ముందు విడుదలైన పాటల కింద యూట్యూబ్‌లో 'మిషన్ పాడినట్టుంది' అని ఎవరెవరో రాస్తున్నారట. "ఈసారి ఊపిరులు ఉంచండి సార్, పాడింది మనిషని తెలియాలి" అందట. ఆయన ఉంచాడు. ఎవరి ఊపిరి ఎవరిదో చూసుకోలేదు.

మధ్యాహ్నం త్రిపుర ఫోన్లో పాట ఎక్కించుకుని కిందికి దిగింది. మెట్ల పక్క వేపచెట్టు కింద జాన్సన్ ఆటో ఉంది. స్టూడియోలో తయారైన ప్రతి పాటా ముందు ఆ ఆటోలో మోగాల్సిందే. జాన్సన్ వెనక సీటులో కాళ్లు బార్లా చాపుకుని పెరుగన్నం తింటున్నాడు.

"ఏంటి మేడమ్, ఇవాళ మొహం డౌన్‌లో ఉంది? బేస్ తగ్గిందా?"

"పాట పెడతాను, విను జాన్సన్."

"వింటా. సీటు ఊగకపోతే మాత్రం చెప్తా."

"సీటు ఊగితే పాట బాగున్నట్టా?"

"ప్యాసింజర్ దిగేటప్పుడు ఏం పాటని అడిగితే బాగున్నట్టు. సీటు ఊగితే నాకు బాగున్నట్టు."

పాట మోగింది. డోలు దెబ్బకు ఆటో రేకు అదిరింది. రెండో చరణం దగ్గరికి వచ్చేసరికి త్రిపుర స్పీకరు పక్కకు వంగింది. 'కాలవకు నీరొచ్చె, కబురేమో రాలేదు...' అని గొంతు పైకి లేచింది. దానికి ముందు ఉన్న చోట ఖాళీ. ఏమీ లేదు.

"ఈ లైనుకు ముందు నీకేమన్నా వినపడిందా?"

"ఏం వినపడాలి?"

"ఊపిరి తీసుకోవడం."

జాన్సన్ ముద్ద నోట్లో పెట్టుకుని ఆలోచించాడు. "మేడమ్, ఈ ఆటోలో నా ఊపిరే నాకు వినపడదు. పాప మాత్రం బాగా పాడింది. ఈ లైను దగ్గర ఒళ్లు జలదరించింది, చూడండి" అని చెయ్యి చాపి వెంట్రుకలు చూపించాడు.

త్రిపుర ఆ చేతిని చూసింది. అందరికీ జలదరిస్తుంది. పెడనలో కూడా అక్క ఆ ఎత్తుకు వెళ్తే పక్క మగ్గాల వాళ్లు పని ఆపేవారు. ఆమె పైకి వచ్చేసింది.

జ్ఞానేశ్వర్ వచ్చి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, ఎప్పుడూ గొంతు పెంచడు. టిఫిన్ పొట్లం విప్పుకుని పునుగులు తింటూ కంప్యూటర్ వైపు చూస్తున్నాడు.

"అయిందా అమ్మాయ్? శివపార్వతి వస్తానంది, వినడానికి. విని సరే అంటే సాయంత్రం పంపించేద్దాం."

"సార్, రెండో చరణంలో పై లైను ఎవరు పాడారు?"

"ఎవరు పాడతారు? శివపార్వతే."

"ఊపిరి మా అక్కది సార్."

ఆయన నవ్వాడు. "ఊపిరి మీద పేరు రాసుంటదా?"

త్రిపుర హెడ్‌ఫోన్స్ తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన చేతులు పొట్లం కాగితానికి తుడుచుకుని పెట్టుకున్నాడు. ఆమె ఆ ముక్క ఒక్కటే వినిపించింది. ఆయన నవ్వు మెల్లగా తగ్గిపోవడం, తర్వాత మామూలు మొహం కావడం పక్క నుంచి చూసింది. వాటిని తీసి చాలా జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

"తీసేసి ఇస్తే సరిపోయేది" అన్నాడు. ఒప్పుకోవడం అంతే.

"ఎన్ని పాటల్లో సార్?"

"ఆ అమ్మాయికి గొంతు ఎక్కడ పైకి వెళ్లదో అక్కడ. మీ అక్క ట్రాక్ పాడింది కదా, ఆ లైన్లు తీసి అతికించా. నీకు తెలియకపోవడమేంటి, మన ఫీల్డులో ఇది కొత్తేం కాదు."

"అక్కకు తెలుసా?"

"తెలుసు. పాడేటప్పుడే చెప్పా, అవసరమైతే వాడుకుంటానని. సరేనంది." ఆయన పొట్లం కాగితం దగ్గరికి లాక్కున్నాడు. "బదులు ఒకటడిగింది. మా చెల్లెలికి పని నేర్పండి సార్, దానికి చెవి బాగుంది అని. నువ్వు కూర్చున్న కుర్చీ ఎట్లా వచ్చిందనుకున్నావు?"

త్రిపుర కుర్చీ వైపు చూడలేదు. చాలాసేపు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తీస్తే మనుషుల మాటలు దూరంగా, నీళ్ల అవతలి గట్టు నుంచి వచ్చినట్టు వినిపిస్తాయి. ఇప్పుడు అలాగే ఉంది. ఆయన మాట ప్రతి అక్షరం తెలుస్తోంది. తనను తాకడం లేదు.

"ఆమె పేరు వేయండి సార్. ఆ లైన్లకైనా."

"ఎట్లా వేస్తానమ్మా? శివపార్వతి వాళ్ల నాన్న పెట్టుబడి, ఆ అమ్మాయి పాట. మధ్యలో ఇంకొకరి పేరేంటి?" గొంతు ఇంకా మెత్తగా అయింది. "నా మాట విను. ట్రాకులన్నీ ఎప్పటికప్పుడు చెరిపేశాను. మీ అక్కవి మిగిలినవి ఈ లైన్లే. నువ్వు అల్లరి చేశావనుకో, శ్రుతి దించి మొత్తం ఆ అమ్మాయి చేతే పాడిస్తా. ఇవీ పోతాయి. అప్పుడు మీ అక్క గొంతు ఎక్కడుంటది? ఉంచుకుంటావో, పోగొట్టుకుంటావో నీ ఇష్టం."

అది నిజమే. అక్క పాడిన పాటలు ఇంట్లో ఒకప్పుడు ఫోన్లో ఉండేవి. బుడమేరు వాగు పొంగి నీళ్లు వచ్చినప్పుడు సింగ్‌నగర్‌లో కింది పోర్షన్‌లో ఉన్నారు. బియ్యం, బట్టలతో పాటు ఆ ఫోనూ నానిపోయింది. ఆ తర్వాతే భవానీపురం మారారు. మళ్లీ రికార్డు చేసుకుందాంలే అని అక్క అంది. ఈలోపు ఆపరేషన్ వచ్చింది. ఎవరి పేరుతోనైనా కానీ, ఈ పాటలు బయటికి వెళ్తే అక్క గొంతు ఎక్కడో ఒకచోట మోగుతూ ఉంటుంది. జాన్సన్ లాంటి వాళ్ల చేతుల మీద వెంట్రుకలు లేస్తూ ఉంటాయి.

తను నోరు మూసుకుంటే చాలు.

కింద స్కూటీ ఆగిన చప్పుడయింది. జ్ఞానేశ్వర్ పొట్లం మడిచి చెత్తబుట్టలో వేశాడు. "ఆలోచించుకున్నావుగా" అన్నాడు మామూలుగా, భోజనం చేశావుగా అన్నట్టు.

శివపార్వతి చున్నీ మొహానికి చుట్టుకుని వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయి. చున్నీ విప్పుతూనే మాట్లాడడం మొదలుపెట్టింది.

"అబ్బ, బెంజి సర్కిల్ దగ్గర అరగంట త్రిపురక్కా! పొగకి నా గొంతు ఏమవుతుందో ఏమో. సార్, మజ్జిగ ఉందా? త్రిపురక్కా, ఊపిరులు ఉంచావా? వాటి కోసమే వచ్చా."

"ఉన్నాయి."

"చూస్తా, ఇప్పుడెవడు మిషన్ అంటాడో."

ఆమె కుర్చీలో కూర్చుని హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. "కొంచెం పెంచవా?"

"తక్కువలోనే వినాలి. పెంచితే అన్నీ బాగున్నట్టే ఉంటాయి" అంది త్రిపుర. తన గొంతు మామూలుగానే ఉన్నట్టు ఆమెకు తోచింది.

పాట నడిచింది. గదిలో ఎవరికీ ఏమీ వినపడదు. శివపార్వతి వేళ్లు మోకాలి మీద తాళం వేయడం మాత్రం కనపడుతుంది. ఆ వేళ్లను బట్టి పాట ఎక్కడుందో త్రిపురకు తెలుస్తోంది. పల్లవి. మొదటి చరణం. ఊపిరి వినిపించినప్పుడల్లా ఆ అమ్మాయి మెచ్చుకోలుగా కనుబొమలు ఎగరేస్తోంది. మళ్లీ పల్లవి. రెండో చరణం.

వేళ్లు ఆగిపోయాయి.

"వెనక్కి పెట్టక్కా."

త్రిపుర పెట్టింది.

"ఇంకోసారి."

ఇంకోసారి పెట్టింది.

శివపార్వతి ఒక చెవి పైకెత్తి జ్ఞానేశ్వర్ వైపు తిరిగింది. "ఇదేంటి సార్? నేనిట్లా తీసుకోను. రెండుసార్లు వస్తుందేంటి?"

"ఎడిటింగ్‌లో డబుల్ పడి ఉంటదమ్మా. త్రిపుర సరిచేస్తది."

"డబుల్ పడితే రెండూ ఒకటేలా ఉండాలిగా? ఇవి వేరే వేరే." ఆమె నిటారుగా కూర్చుని, ముక్కుతో ఒకే ఊపిరి నిండుగా తీసుకుంది. "ఇదీ నాది. మా సంగీతం టీచరు కడుపు మీద పుస్తకం పెట్టి పడుకోబెట్టి నేర్పించిన ఊపిరి. సార్, ఈ లైను పాడింది నేనేనా?"

"నువ్వే. ట్యూనింగ్ వేశాం కాబట్టి వేరేగా ఉంది."

"ఊపిరికి కూడా ట్యూనింగ్ వేస్తారా?"

జ్ఞానేశ్వర్ కిటికీ వైపు తిరిగాడు. ఆ అమ్మాయి కుర్చీని గిర్రున ఇటు తిప్పింది.

"త్రిపురక్కా, నువ్వు చెప్పు. ఇది నేనేనా?"

ఒక్క మాట. అవును అంటే అక్క గొంతు ఉంటుంది. జ్ఞానేశ్వర్ ఆమె వైపు చూడడం లేదు, కిటికీలోంచి హాస్టల్ గోడ చూస్తున్నాడు. అవును అనడానికి త్రిపురకు అభ్యంతరమేమీ కనిపించలేదు. అబద్ధమని భయం కూడా వేయలేదు. నోరు తెరిచింది. కానీ ఆ అమ్మాయి తెరిచిన కళ్లతో, నిజంగానే తెలియక అడుగుతోంది.

"మా అక్క" అంది.

"ఎవరు, ట్రాక్ పాడిన శ్రీదుర్గ గారా?"

"ఆ."

శివపార్వతి హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్లో పెట్టుకుంది. కాసేపు వాటి తీగను వేలికి చుట్టుకుంటూ విప్పుతూ ఉంది.

"ఈ లైన్ నాకు రాలేదు సార్" అంది చివరికి. "ఆరోజు నాకు తెలుసు. మీరేమో పర్లేదమ్మా, ట్యూనింగ్‌లో సర్దేస్తా అన్నారు. ముందు పాటలూ అంతే. రిలీజయ్యాక ఇంటికెళ్లి నా పాట నేనే పాడుకుని చూసుకున్నా. రాదు. రికార్డులో వచ్చింది ఇంట్లో ఎందుకు రావట్లేదని బాత్రూంలో కుళాయి తిప్పుకుని కూర్చుని ఏడ్చాను. నా గొంతుకేదో అయిందనుకున్నా. డాక్టరు దగ్గరికి కూడా వెళ్లా. తెలుసా మీకు?"

"అట్లా అనుకోకూడదమ్మా. పెద్దపెద్ద వాళ్లకే..."

"తీసెయ్యండి."

"పార్వతీ..."

"ఈ పాటలోంచి తీసెయ్యండి. మిగతా వాటిలోంచి కూడా తీసి మళ్లీ పెట్టండి. నాకు రానిచోట రానట్టే ఉండనివ్వండి. మనిషి పాడినట్టుండాలని ఊపిరులు అడిగాను నేను, ఇంకో మనిషిని కాదు."

జ్ఞానేశ్వర్ నిట్టూర్చాడు. బరువు దిగినట్టే ఉంది ఆ నిట్టూర్పు. "విన్నావుగా త్రిపురా. తీసెయ్."

తెర మీద ఆ లైను చిన్న నీలం ముక్కలా ఉంది. దాని మొదట్లో రెండు చిన్న బుడిపెలు, అదే ఊపిరి. తర్వాత గొంతు, కొండలా లేచి మెల్లగా దిగుతుంది. త్రిపుర చెయ్యి మౌస్ మీద పెట్టింది. తీయొచ్చు. కష్టమేం కాదు, రోజూ ఎన్నో తీస్తుంది.

"నేను తియ్యను సార్. పాడినావిడ వచ్చి తీయమంటే తీస్తా."

"ఇప్పుడు ఆవిణ్ని ఎండలో ఎందుకమ్మా లాక్కురావడం? ఒంట్లో బాగాలేని మనిషి." జ్ఞానేశ్వర్ మొదటిసారి తొందరగా మాట్లాడాడు.

"పిలవండి" అంది శివపార్వతి. "నేను కూడా చూడాలి ఆవిణ్ని."

ఫోన్ చేస్తే గుసగుస వినపడదు కాబట్టి త్రిపుర మెసేజ్ పెట్టింది. జాన్సన్‌ను భవానీపురం పంపింది. తర్వాత ముగ్గురూ కూర్చున్నారు. జ్ఞానేశ్వర్ లేచి, బయట వరండాలో ఫోన్ పట్టుకుని అటూ ఇటూ తిరిగి, ఎవరితోనో తక్కువ గొంతుతో మాట్లాడి వచ్చాడు. శివపార్వతి మజ్జిగ సగం తాగి గ్లాసు పక్కన పెట్టింది. గోడ అవతల పిల్లలు ఏదో సూత్రం అందరూ కలిసి పైకి చదువుతున్నారు. త్రిపుర ఆ చదువులో ఏ గొంతు ముందుంది, ఏది వెనకబడింది అని వింటూ కూర్చుంది. అక్క వచ్చాక ఏం జరుగుతుందో ఊహించుకుందామనుకుంది గానీ ఏమీ రాలేదు.

శ్రీదుర్గ చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది. మెడకు చున్నీ చుట్టుకుంది. ఇంట్లో చీరలకు ఫాల్స్ కుడుతూ లేచి వచ్చినట్టుంది, జాకెట్టు అంచుకు సూది, దానికి ఎర్ర దారం వేలాడుతోంది.

"రా అమ్మా శ్రీదుర్గా, కూర్చో" అని జ్ఞానేశ్వర్ లేచి నిలబడ్డాడు.

ఆమె ఆయనకు నమస్కారం పెట్టింది. శివపార్వతిని చూసి చిన్నగా నవ్వింది. చెల్లెలి మొహం చూసి నవ్వు ఆపేసింది. "ఏమయిందే?" అంది. ఆ గుసగుస వినడానికి అందరూ ముందుకు వంగారు.

"ఇది విను."

త్రిపుర హెడ్‌ఫోన్స్ అక్క తలకు తనే పెట్టింది. చెవుల మీద జుట్టు పక్కకు తోసి సరిచేసింది. ట్రాక్ పాడేవాళ్లకు పాట తిరిగి వినిపించరు. పాడి, వచ్చేయడమే. ఇన్నేళ్లలో అక్క ఈ గదిలో తన గొంతు తను వినడం ఇదే మొదటిసారని, ప్లే నొక్కాక త్రిపురకు తట్టింది.

శ్రీదుర్గ కళ్లు మూసుకోలేదు. తెర మీద కదిలే గీతను చూస్తూ విన్నది. అది కొండలా లేచిన చోట ఆమె గొంతు దగ్గర చర్మం కొద్దిగా కదిలింది. మచ్చ మీద నుంచి చున్నీ జారితే సరిచేసుకుంది. అయిపోయాక తనే హెడ్‌ఫోన్స్ తీసింది.

"శ్రుతి కొంచెం తగ్గింది చివర్లో" అంది. "ఆరోజు గొంతు నొప్పిగా ఉండె."

"తగ్గలేదండీ" అంది శివపార్వతి గబుక్కున. వెంటనే ఏం మాట్లాడాలో తెలియక, "నాకు తెలియదండీ, నిజంగా తెలియదు" అంది.

"తెలుసమ్మా. మీకు చెప్పొద్దన్నారు." శ్రీదుర్గ ఆ అమ్మాయి చేతి మీద చెయ్యి వేసింది. "నేను సరే అన్నా. మా చెల్లెలికి ఒక పని కావాలి. అప్పుడు అదే పెద్దగా అనిపించింది."

"ఆమె తీసెయ్యమంటోందక్కా. నువ్వు చెప్తే తీస్తానన్నా."

శ్రీదుర్గ ఎక్కువ ఆలోచించలేదు. "తీసెయ్యి. ఆమె పాటలో నా ముక్కెందుకు? పడుగు ఒకరిది, పేక ఒకరిదైతే ఆ చీర ఎవరిదని చెప్తాం?"

"అక్కా..."

"తీసెయ్యవే."

త్రిపుర నీలం ముక్క మీద నొక్కింది. చెరిపే మీట నొక్కింది. కొండ పోయింది, బుడిపెలూ పోయాయి. ఆ చోట సన్నని గీత మిగిలింది. పక్క నుంచి చూస్తున్న జ్ఞానేశ్వర్ ముందుకు వంగి, ఫైలు సేవ్ చేశాడు, వెనక్కి రాకుండా.

త్రిపుర చేతులు చల్లగా ఉన్నాయి. ఏసీ వల్ల అనుకుంది.

"మిగతా పాటల్లోవి రేపు తీస్తాను" అంది. "అవి కూడా అయిపోతే ఇంక నీ గొంతు ఎక్కడా ఉండదక్కా. ట్రాకులన్నీ ఎప్పుడో చెరిపేశారంట."

"ఎవరు చెప్పారు?"

"సారే."

శ్రీదుర్గ తల తిప్పి జ్ఞానేశ్వర్‌ను చూసింది. "చెరిపేశారా అండీ?"

"ఎప్పుడూ చేసేదే కదమ్మా" అన్నాడాయన. బల్ల మీద బండి తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. "నాకు వన్‌టౌన్‌లో కొంచెం పనుంది, మీరు మాట్లాడుకుంటూ ఉండండి..."

"మొన్న నేను వన్‌టౌనే వెళ్లా" అంది శ్రీదుర్గ. ఆమె గుసగుస ఎప్పటి కంటే గట్టిగా లేదు. అయినా ఆయన ఆగాడు. "కుట్టిన చీరలు ఇవ్వడానికి. షాపులో పెద్ద టీవీ పెట్టారు. దాంట్లో ఈ పాట వచ్చింది. పల్లవి నుంచి చివరిదాకా. ముక్క కాదు, మొత్తం నేనే. గొంతు నాదేనా కాదా అని నిలబడి ఆఖరిదాకా విన్నా. ఎవరో పిల్ల పట్టుచీర కట్టుకుని పెదాలు కదుపుతోంది. తెలిసిన మొహం కాదు. కింద పేరూ ఆ పిల్లదే."

"ఈ పాటా?" శివపార్వతి కుర్చీలోంచి లేచింది. "ఇదింకా రిలీజ్ కాలేదండీ. ఇవాళ పంపాలని వచ్చా నేను. ఎట్లా వస్తది టీవీలో?"

"నాకూ తెలియలేదమ్మా. ఇంటికొచ్చి దీనికి చెప్తే పని దగ్గర గొడవవుతుందని ఊరుకున్నా."

జ్ఞానేశ్వర్ తలుపు వైపు ఒక అడుగు వేశాడు. శివపార్వతి ఆయన కంటే ముందు వెళ్లి గడియ వేసి, తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

"ఇదొక్కటేనా అండీ వచ్చింది?" అని అడిగింది శ్రీదుర్గను. "లేకపోతే ఇంకేమన్నా విన్నారా?"

శ్రీదుర్గ ఆ అమ్మాయి వైపు జాలిగా చూసింది.

"అక్కడ నిలబడ్డంతసేపూ అవే వేశారమ్మా" అంది. "మీ పాటలే. నా గొంతుతో, ఆ పిల్ల పేరుతో. అన్నీ."